ఎంటర్ కొట్టే ముందు ఒక్క నిమిషం

'స్త్రీ' అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయి? ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా ఒక్కటే అంటాడు. కంప్యూటర్‌ని అడగండి, ఆరు అంటుంది! స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం... ఇలా అన్నిటినీ విడివిడిగా లెక్కేస్తుంది మరి. అందుకే 'పేరు 20 అక్షరాలు దాటకూడదు' అని ఆన్‌లైన్ ఫారం అడిగినప్పుడు తెలుగులో పేరు రాసేవాళ్లకు తిప్పలు.

ఈ తిప్పలు తీర్చడానికి నేనో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. గట్టిగా నలభై లైన్లు ఉంటుందేమో. ఆఫీసులో ఒకరడిగితే పంపాను, తర్వాత ఇంకొకరడిగారు. చివరికి ఓ ఫ్రెండ్, "అందరికీ ఎందుకు పంపుతావురా, పబ్లిష్ చేసెయ్ రాదూ" అన్నాడు. ఆ పబ్లిష్ చేయడం అంటే ఏమిటి, దాని వెనక ఎంత బాధ్యత ఉంటుంది అన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను. ఇంజినీరింగ్ చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లకీ చూపించండి.

కోడ్‌కీ ఓ గిడ్డంగి

ఇవాళ ఏ యాప్‌నీ ఎవరూ మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా సొంతంగా రాయరు. ఎవరో రాసి పెట్టిన ముక్కలు తెచ్చుకుని, వాటి మీద మన పని చేసుకుంటాం. ఆ ముక్కల్నే ప్యాకేజీలంటారు. అవన్నీ దొరికే గిడ్డంగి పేరు రిజిస్ట్రీ. పైథాన్ భాషకు పైపీఐ ఉన్నట్టే జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం ఉంది. ఐజాక్ ష్లూటర్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఎన్‌పీఎంను 2020లో గిట్‌హబ్ కొనేసింది. ఇప్పుడందులో 20 లక్షలకు పైగా ప్యాకేజీలున్నాయి.

అందులో మన సరుకు పెట్టడానికి ఆఫీసూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ఖాతా తెరిచి, ప్యాకేజీకో పేరు, వెర్షన్ నంబరు రాసిన ఫైలు సిద్ధం చేసుకుంటే చాలు. నల్లటి టెర్మినల్ తెరపై 'ఎన్‌పీఎం లాగిన్' అని ఒకసారి, 'ఎన్‌పీఎం పబ్లిష్' అని ఇంకోసారి టైపు చేస్తే అయిపోయినట్టే. కాసేపట్లో ప్రపంచంలో ఎవరైనా దాన్ని దించుకోవచ్చు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. పబ్లిష్ కూడా నోరు జారడం లాంటిదే. ఎన్‌పీఎంలో పెట్టిన ప్యాకేజీని 72 గంటల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, అదీ దాని మీద ఇంకే ప్యాకేజీ ఆధారపడకపోతేనే. ఆ గడువు దాటితే షరతులు ఇంకా బిగుసుకుంటాయి. వారంలో 300 కంటే తక్కువ డౌన్‌లోడ్లు ఉండాలి, యజమాని ఒక్కరే ఉండాలి, ఎవరూ దానిపై ఆధారపడి ఉండకూడదు. ఒకసారి వాడిన పేరు, వెర్షన్ నంబరుల జోడీని మళ్లీ ఎప్పటికీ వాడలేం. తీసేసి, సరిచేసి, అదే నంబరుతో పెడతానంటే కుదరదు.

పదకొండు లైన్ల గొడవ

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 2016 మార్చిలో జరిగిన ఒక గొడవ చెప్పాలి. అజెర్ కోచులు అనే ప్రోగ్రామర్‌కు 'కిక్' పేరుతో ఒక ప్యాకేజీ ఉండేది. అదే పేరున్న మెసేజింగ్ కంపెనీ ఆ పేరు మాకు కావాలంది. ఎన్‌పీఎం కంపెనీ వైపే మొగ్గింది. ఆయనకు ఒళ్లు మండి, తన ప్యాకేజీలన్నీ తీసేశారు. అవి 250కి పైనే. వాటిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే పదకొండు లైన్ల ముక్క ఒకటుంది. 7ని 007గా రాయడానికి ఎడమవైపు సున్నాలు చేర్చడం లాంటిదే దాని పని, అంతకుమించి ఏం లేదు. కానీ బేబెల్ లాంటి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు దాని మీద ఆధారపడి ఉన్నాయి. అది మాయమవగానే ఎక్కడెక్కడో ఉన్న ప్రోగ్రామర్ల పని ఆగిపోయింది. చివరికి ఎన్‌పీఎం వాళ్లే దాన్ని తిరిగి పెట్టాల్సొచ్చింది. వెనక్కి తీసుకునే నిబంధనలు బిగించింది ఆ తర్వాతే.

పబ్లిష్ చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. మన సరుకు ఎవరింటికి చేరిందో మనకు తెలీదు, వాళ్లు ఎవరికిచ్చారో అసలే తెలీదు.

మూట విప్పి చూసుకోండి

నేను పబ్లిష్ చేసే ముందు ప్రతిసారీ 'ఎన్‌పీఎం ప్యాక్ డ్రై-రన్' అనే ఆదేశం ఇస్తాను. మూట కట్టి, లోపల ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో జాబితా చూపిస్తుందంతే, బయటికి ఏమీ పంపదు. ఇది ఎందుకంటారా? డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, క్లౌడ్ తాళాలు దాచుకునే ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది. ఏవి వెళ్లాలో మనం ముందే చెప్పకపోతే అదీ మూటలో పడిపోవచ్చు. అలా ఒక్కసారి బయటికి పొక్కితే ప్యాకేజీ తీసేసినా లాభం లేదు. వెంటనే ఆ తాళమే మార్చేయాలి.

తర్వాతది వెర్షన్ నంబరు. 1.4.2 అంటే ఏదో అంకె వేశారనుకోకండి. చిన్న మరమ్మతు చేస్తే చివరి అంకె, కొత్త సౌకర్యం చేరిస్తే మధ్య అంకె, పాత పద్ధతి మారిస్తే మొదటి అంకె పెంచాలి. నా ప్యాకేజీలో మొదట ఖాళీ జాగాను కూడా అక్షరం కిందే లెక్కేసేవాణ్ని, తర్వాత మానేద్దామనుకున్నా. మార్చింది ఒక్క లైనే అయినా మొదటి అంకె పెంచాను. మామూలుగా వాడేవాళ్ల దగ్గర చివరి రెండు అంకెల మార్పులు వాటంతటవే అప్‌డేట్ అయ్యేలా అమరిక ఉంటుంది. నేను దాన్ని చిన్న మరమ్మతని రాసుంటే, ఎవరి ఫారంలోనో లెక్క చెప్పాపెట్టకుండా మారిపోయేది.

తాళం ఎవరి చేతిలో?

దొంగలకీ ఈ గిడ్డంగి దారి తెలుసు. 2018లో 'ఈవెంట్-స్ట్రీమ్' అనే ప్యాకేజీని, జీతం భత్యం లేకుండా చూసుకుని ఇక ఓపిక లేని యజమాని, సాయం చేస్తానని వచ్చిన ఓ అపరిచితుడికి అప్పగించారు. ఆ వచ్చినవాడు బిట్‌కాయిన్ వాలెట్లు కొల్లగొట్టే కోడ్ కలిపాడు. 2025 సెప్టెంబరులో ఇంకో ఘోరం జరిగింది. 'రెండంచెల భద్రతను అప్‌డేట్ చేసుకోండి' అంటూ అచ్చం ఎన్‌పీఎం నుంచి వచ్చినట్టే ఓ దొంగ మెయిల్ వచ్చింది. దాంతో ఒక డెవలపర్ ఖాతా దొంగల చేతిలో పడింది. చాక్, డీబగ్ వంటి 18 ప్యాకేజీల్లో క్రిప్టో డబ్బు కాజేసే కోడ్ చేరింది. ఈ ప్యాకేజీలన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్ అవుతాయి! కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు కాబట్టి నష్టం పెద్దగా జరగలేదు.

మన బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అమ్మానాన్నలకు పదే పదే చెబుతుంటాం కదా. ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి. మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా, సైట్ అడ్రసు మీరే టైపు చేసి వెళ్లండి. రెండంచెల భద్రత తప్పక పెట్టుకోండి. చూసుకునే ఓపిక పోతే తాళం కొత్తవాళ్ల చేతిలో పెట్టకుండా, 'డిప్రికేట్' అనే ఆదేశంతో 'దీన్ని ఇక చూసుకోవడం లేదు' అని బోర్డు పెట్టేయండి. వాడేవాళ్లు వేరేది వెతుక్కుంటారు.

రెజ్యూమెలో ఒక లైను కోసం పబ్లిష్ చేద్దామనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఓ మాట. తప్పకుండా చేయండి. మన భాషకు, మన లెక్కలకు కావాల్సిన ముక్కలు ఇంకా బోలెడు రాయాల్సి ఉంది. లక్షలు, కోట్లకు కామాలు సరిగ్గా పెట్టేదో, తెలుగు పేర్లను అక్షర క్రమంలో పేర్చేదో, మీకు నిజంగా అవసరమైంది రాయండి. ఎలా వాడాలో వివరంగా ఓ పేజీ రాయండి, తప్పు దొరికితే చెప్పడానికి ఓ చిరునామా ఇవ్వండి. ఓ ఏడాది పాటు వచ్చే ప్రశ్నలకు జవాబిచ్చే తీరిక ఉందో లేదో ఆలోచించుకోండి. ఉందనిపిస్తే, అప్పుడు ఎంటర్ కొట్టండి.