పాత్ర మెఱిగి చేయు దానము

ధర్మము చేయుట మనకు క్రొత్తగా నేర్పవలసిన విషయము కాదు. వర్ని ప్రాంతమున కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరగానే గుడికింత, బడికింత, వాకిట నిలిచినవారికింత యని తీసిపెట్టని గృహిణి యరుదు. అయినను ఇచ్చిన సొమ్ము ఏ ఫలము నొసగినదని విచారించువారు మిక్కిలి తక్కువ. దేశ కాల పాత్రముల నెఱిగి దానము చేయవలెనని పెద్దలు విధించిరి. అందు పాత్రమును నిర్ణయించుట యెట్లు? మన సొమ్ము పరిమితము. ఒకచోట నిచ్చిన వేయి రూపాయలు మఱియొకచోట లేనివే కదా! కావున ఈ ప్రశ్నమును విచారింప దలచితిమి.

మొదట మన జిల్లాలోని నిదర్శనమునే చూతము. డిచ్‌పల్లియందు 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠరోగులకై ఆసుపత్రి నెలకొల్పెను. రాజా నర్సాగౌడుగారు దానికి గొప్ప విరాళ మొసగిరి. ఆ దినములలో చాల్మోగ్రా నూనెను సూదితో నెక్కించుటయే ముఖ్యచికిత్స. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమందులు కలిపి యిచ్చు పద్ధతిని సూచించెను. ఆఱు నెలలు గాని సంవత్సరము గాని వానిని సేవించిన రోగము నయమగును. 1995 నుండి ఆ మందులు ఉచితముగా లభించుచున్నవి. కావున నేడు ఆ రోగులకు తోడ్పడ దలచినవారు మందులకంటె, రోగమును తొలిదశలో కనిపెట్టుటకును, అవయవములు చెడినవారి జీవనమునకును ఇచ్చుట మేలు. కరుణ యొక్కటియే, కాలము మారగా దాని మార్గము మారినది.

వినుటకు మంచిదైనది యెల్లప్పుడును ఆశించినంత మేలు చేయదు. చిన్న ఋణములు పేద స్త్రీల నుద్ధరించునని లోకమంతయు చెప్పుకొనుచుండిన కాలమున, హైదరాబాదునందలి 104 బస్తీలను పండితులు పరీక్షకై యెన్నుకొనిరి. చీట్లు తీసినట్లు 52 బస్తీల నేర్పఱచి, వానియందే మొదట ఋణసంస్థ శాఖలు తెఱవబడునట్లు చేసిరి. పిదప ఇల్లిల్లు విచారింపగా, కొందఱు తమ వ్యాపారమును పెంచుకొనిరి గాని, పిల్లల చదువునందును, ఆరోగ్యమునందును, స్త్రీల అధికారమునందును చెప్పదగిన భేదము కానరాలేదు. ఆ పండితులలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గారలు 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. శాఖలు లేని బస్తీలను గూడ చూచుటయే యిందలి కీలకము. అట్లు చూడనిచో, కాలముతో వచ్చిన మార్పునెల్ల ఋణముయొక్క మహిమయని భ్రమింతుము.

ఇట్టి పరిశోధనల నాధారముగా గొని, అమెరికాలో 2007లో వెలసిన గివ్‌వెల్ అను సంస్థ ధర్మసంస్థలను తూచి, కొన్నిటిని మాత్రమే ముందువరుసలో నిలుపుచున్నది. మలేరియా రాకుండ దోమతెరలు పంచుట, పసిపిల్లలకు విటమిన్ ఏ నిచ్చుట మున్నగు పనులు చేయు సంస్థలు అందు గలవు. అట్టి పనులచే ఒక ప్రాణము నిలుపుటకు కొన్నివేల డాలర్లు పట్టునని దాని యంచనా.

జీతములకు తక్కువ వెచ్చించు సంస్థయే ఉత్తమమని పలువురు తలంతురు. కట్టెలు తక్కువ కాల్చినంతమాత్రమున అన్నము ఉడికినదని యెవరు చెప్పగలరు? అన్నమును పట్టి చూడవలెను.

అంకెలకు అందనివియు గలవు. మరణశయ్యపై నున్న వృద్ధురాలికి చేయు శుశ్రూష ఏ పట్టికయందును పైవరుసకు రాదు. అంతమాత్రమున నది వ్యర్థము కాదు. కావున విరాళము కోరువారిని మూడు ప్రశ్న లడుగుడు: ఎందఱికి, ఏ మేలు కలిగినది? మీరు లేకున్న ఆ మేలు కలుగకుండెడిదా? మేమిచ్చు వేయి రూపాయలతో అదనముగా నేమి చేయుదురు? తనిఖీ చేయించిన లెక్కలను గూడ చూపుమనుడు. అడుగుట అవమానించుట కాదు. సరకు కొనునప్పుడు తూకము చూచుకొను మనము, పేదల పాలి సొమ్ము విషయమున చూచుకొనకుండుట న్యాయమా?