బిగిసిన డిఫరెన్షియలును ఊడదీయుట

మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల రైతులు కూరగాయలను బోయినపల్లి బజారునకు లారీలపై పంపుచున్నారు. వెనుక ఇరుసులోని డిఫరెన్షియలు చెడినచో బండి నిలుచును, సరుకు వాడును. సూరారము జీడిమెట్ల పారిశ్రామికవాడ చెంతనే యున్నది గాన మరమ్మతునకు దూరము పోనక్కరలేదు. అయినను బండి గలవారు ఈ పని క్రమము నెరిగి యుండుట మేలని మా మనవి.

నట్లన్నియు తీసినను డిఫరెన్షియలు కదలకున్నచో ఉలికి పని చెప్పరాదు. దానిని పట్టియున్న దేదియో ముందు చూడవలెను. కారణములు సాధారణముగా మూడు. యాక్సిలు షాఫ్టు పూర్తిగా వెలికి రాకుండుట, లేక విరిగిన ముక్క లోపల మిగిలియుండుట మొదటిది. షాఫ్టు కొస లోపలి పళ్లచక్రములో నున్నంతవరకు డిఫరెన్షియలు ముందుకు రాదు. స్టడ్డులకు పట్టిన తుప్పు రెండవది. పాత గ్యాస్కెట్టు అంటుకొనుట మూడవది.

తొలుత చక్రములకు అడ్డు పెట్టి, ఇరుసును గట్టి స్టాండులపై నిలిపి, నూనె దింపి, ప్రొపెల్లరు షాఫ్టును విప్పవలెను. బరువు లారీలలో పెక్కింటికి చక్రములు విప్పకయే యాక్సిలు షాఫ్టులను లాగవచ్చును. పిమ్మట క్రింద జాకీ నుంచి నట్లను తీయవలెను. పై రెండు నట్లను మాత్రము వదులుచేసి యుంచవలెను. లేనిచో హఠాత్తుగా ఊడిన బరువు మనిషిపై పడును. అంచునందు మరలు గల రంధ్రములున్నచో వానిలో బోల్టులు పెట్టి, ఇటు కొంత, అటు కొంత సమముగా బిగించినచో అది నెమ్మదిగా విడివడును.

ఉలి దూర్చిన అంచు గీరుకొని పోవును. అచ్చట నూనె కారును. నూనె తగ్గిన పండ్లు అరిగిపోవును. గడియసేపటి తొందర పంట డబ్బును మ్రింగును. ఓపికయే ఇచట పొదుపని సభ్యులు గ్రహింతురుగాక.