సీతమ్మ తల్లికి చెప్పుకున్న పాటలు

మా సారపాకకీ భద్రాచలానికీ మధ్య గోదావరి ఒక్కటే అడ్డం. ఇప్పుడంటే ఆటో ఎక్కి వంతెన దాటితే గుడి దగ్గర దిగుతాం. 1965లో వంతెన రాకముందు పడవే దిక్కు. కానీ రామదాసు కీర్తన నది దాటడానికి ఏ పడవ కోసమూ ఆగలేదు. బూర్గంపాడు వైపు పల్లెల్లో అక్షరం ముక్క రాని అమ్మమ్మలు కూడా పది కీర్తనలు గడగడా పాడేస్తారు. వాళ్లకి నేర్పిందెవరు? పుస్తకమా? రేడియోనా? సినిమానా? ఈ ప్రశ్న పట్టుకుని కాస్త వెనక్కి వెళ్తే ఎన్ని సంగతులు తెలిశాయో!

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా కొలువు కింద పాల్వంచ పరగణా తహశీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, ఖైదు పాలై, రామదాసు అయ్యాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని చెప్పుకుంటాం. ఆ బాధలోంచి వచ్చిన కీర్తనలవి. ఒకదాంట్లో ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత అయిందో అణా పైసలతో సహా లెక్క చెప్పినట్టు దేవుణ్ణి నిలదీస్తాడు. చివరికి దెబ్బలకి తాళలేక తిట్టానని బతిమాలుకుంటాడు. ఇంకోదాంట్లో రాముడితో పని కాదనుకుని సీతమ్మనే పట్టుకుంటాడు. ఆయన ఏకాంతంలో ఉన్నప్పుడు నా మాట కాస్త చెప్పమ్మా అని! ఇంట్లో ఏ పనైనా అమ్మ నోటితో చెప్పిస్తేనే అవుతుందన్న కిటుకు ఆనాడే కనిపెట్టాడన్నమాట. ఆడవాళ్లకి ఈ పాట మీద అంత మక్కువ ఎందుకో వేరే చెప్పాలా?

కాగితం మీద కాదు, నోటి మీద

దాదాపు రెండు వందల ఏళ్లు ఈ పాటలు బతికింది భజన గోష్ఠుల్లోనే. 19వ శతాబ్దం మొదట్లో తూము నరసింహదాసు గుంటూరు నుంచి వచ్చి, భద్రాద్రిలో సేవలు, భజనలు నిలబెట్టాడు. తంజావూరు సీమలో త్యాగయ్య తన ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసును తలుచుకుని మొక్కాడు. అంటే అప్పటికే గోదావరి పాట కావేరి ఒడ్డుకి చేరిందన్నమాట.

అదే కాలంలో ఐరోపాలో ఏం జరుగుతోందో చూడండి. 1846 ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెండెల్సన్ అనే జర్మన్ విద్వాంసుడు ఏలీయా ప్రవక్త కథను పెద్ద గాన రూపకంగా వినిపించాడు. వేషాలు లేవు, నాటకం లేదు, ఒట్టి పాటే. పాడినవాళ్లు సుమారు 270 మంది. మరుసటి ఏడాది, 1847లో, జనవరిలో త్యాగయ్య, నవంబరులో మెండెల్సన్ కన్నుమూశారు. వాళ్ల పాట స్వరాలతో సహా అచ్చయింది. కాబట్టి ఏ ఊళ్లో పాడినా వరస ఒక్కటే. మన పాటకి సాహిత్యం నిలిచింది గానీ, వరస మాత్రం ఊరికొకటి, ఇంటికొకటి అయింది. అది లోటా? నన్నడిగితే అదే సంపద.

పెట్టెలోకి ఎక్కిన పాట

1933లోనే రామదాసు కథ టాకీగా వచ్చింది. 1964లో చిత్తూరు నాగయ్య తానే తీసి, తానే నటించిన ‘రామదాసు’ వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక భక్తిరంజని ఇల్లిల్లూ నిద్ర లేపింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో ‘పలుకే బంగారమాయెనా’ ఆనందభైరవిలో వినిపిస్తే పొయ్యి మీద పాలు పొంగినా తెలిసేది కాదు. శ్రీరామనవమికి ఉషశ్రీ కల్యాణ వ్యాఖ్యానం సరేసరి. తర్వాత రికార్డులు, క్యాసెట్లు. ‘శంకరాభరణం’లో వాణీ జయరాం పాడిన రామదాసు పాటలు విన్నాక ఆడపిల్లలందరికీ సంగీతం నేర్చుకోవాలనిపించింది. ఆ సినిమాలో పాడినందుకు ఆమెకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. 2006లో కీరవాణి సంగీతంతో ‘శ్రీరామదాసు’ మరో తరానికి ఈ పాటలు అందించింది.

ఇదంతా సంతోషమే. బాలమురళి పాడకపోతే ఈ కీర్తనలు ఇన్ని ఊళ్లు తిరిగేవా? కానీ ఇంకో పక్క కూడా ఉంది. మా అత్తగారు డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రాగం పేరు అడిగితే నవ్వేస్తుంది. సీతమ్మ పాటని చిడతలతో, కాస్త తూగుతో, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న వరసలో పాడుతుంది. ఒకచోట పాటల పోటీకి పంపితే, న్యాయనిర్ణేతగా వచ్చినాయన “ఇది అసలు వరస కాదమ్మా, క్యాసెట్ విని నేర్చుకుని రండి” అనేశాడు. పెద్దావిడ ఏమీ అనలేదు. కానీ ఆరు నెలలు భజనకి వెళ్లలేదు. “నాది తప్పంట కదా” అనేది. ఆ మాట వింటే నా కడుపు తరుక్కుపోయేది.

అసలు వరస అంటే ఏది? రామదాసు పాడినప్పుడు రికార్డు చేసినవాళ్లు లేరు కదా! పేరున్న విద్వాంసుడు పాడింది అందమైన వరస. మా అత్తగారిదీ వరసే. ఒకటి నిలవాలంటే రెండోది చావక్కర్లేదు. ఏటా రామదాసు జయంతికి భద్రాచలంలో వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి. విద్వాంసులంతా కూర్చుని నవరత్న కీర్తనలు గోష్ఠిగా పాడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అందరూ కలిసి పాడాలంటే ఒక వరసకి కట్టుబడాల్సిందే, ఒప్పుకుంటాను. ఇంట్లో పాడుకునేదానికి ఆ కట్టుబాటు ఎందుకు?

చివరికి మా అమ్మాయే ఉపాయం ఆలోచించింది. వంట పూర్తయ్యాక నానమ్మని కూర్చోబెట్టి, సెల్‌ఫోన్‌లో రోజుకో కీర్తన చొప్పున పద్నాలుగు పాటలు రికార్డు చేసింది. ప్రతి పాట ముందూ అది ఎవరి దగ్గర, ఏ ఊళ్లో నేర్చుకుందో ఆవిడ చేతే చెప్పించింది. తన గొంతు తానే విని మా అత్తగారు “ఫర్వాలేదే, బానే పాడానే!” అంది. ఆ శనివారమే చిడతలు పట్టుకుని భజనకి బయల్దేరింది.

మీ ఇంట్లోనూ ఇలా పాడే అమ్మమ్మో, మేనత్తో ఉండే ఉంటారు. మంగళహారతులు, లాలిపాటలు, రామదాసు కీర్తనలు ఏవైనా సరే, ఖర్చు లేని పనే కదా, రికార్డు చేసి పెట్టుకోండి. పాట ఎవరు నేర్పారో తప్పకుండా అడగండి. ఆ పేర్లలో ఎక్కువ మీ ఇంటి ఆడవాళ్లవే ఉంటాయి, చూడండి.