ప్రైజు మనీతో ఎదిగిన క్లబ్బు లేదు

ఈ-స్పోర్ట్స్ సంస్థల గురించి చెలామణిలో ఉన్న అపోహల్లో ఎక్కువ నష్టం చేస్తున్నది ఒకటుంది. టోర్నమెంట్లు గెలిచి, ఆ ప్రైజు మనీ కూడబెట్టి, ఒక ఆట నుంచి మరో ఆటకు విస్తరిస్తూ క్లబ్బులు కోట్లకు పడగలెత్తాయన్నదే ఆ నమ్మకం. దీన్ని పట్టుకుని ఇంటర్ మధ్యలో వదిలేసే పిల్లలున్నారు. నలుగురు స్నేహితులు కలిసి ‘ఆర్గ్’ పెట్టి, ఆట కుదరకముందే జెర్సీలు కుట్టించి అప్పుల్లో పడేవాళ్లూ ఉన్నారు.

ఈ వాదనకు ఎక్కువగా సాక్ష్యంగా చూపేది టీమ్ లిక్విడ్‌ను. 2017 ఆగస్టులో సియాటిల్‌లో జరిగిన డోటా 2 పోటీ ‘ది ఇంటర్నేషనల్’ ఫైనల్లో ఆ జట్టు న్యూబీని 3-0తో ఓడించింది. మొత్తం ప్రైజు మనీ సుమారు 2.47 కోట్ల డాలర్లు. అందులో విజేత వాటా కోటీ 8 లక్షల డాలర్లకు పైనే, అంటే అప్పటి లెక్కన దాదాపు 70 కోట్ల రూపాయలు. రీల్స్‌లో తిరిగేది ఈ అంకె ఒక్కటే. దాని వెనకాల కథ ఎవరికీ అక్కర్లేదు.

ఆ డబ్బులో ఆట యజమాని వాల్వ్ సొంతంగా వేసింది 16 లక్షల డాలర్లు. మిగతాదంతా మామూలు ఆటగాళ్లు కొనుక్కున్న ‘బ్యాటిల్ పాస్’ అమ్మకాల్లో పాతిక శాతం. ఇదే పద్ధతిలో 2021 పోటీ ప్రైజు మనీ 4 కోట్ల డాలర్లు దాటింది. 2023లో వాల్వ్ ఆ పద్ధతి మార్చగానే నిధి కుప్పకూలింది. 2024లో కోపెన్‌హేగెన్‌లో టీమ్ లిక్విడ్ మళ్లీ అదే కప్పు, మళ్లీ 3-0తోనే గెలిచింది. ఈసారి అన్ని జట్లకూ కలిపి పంచిన సొమ్ము 30 లక్షల డాలర్ల లోపే. గెలుపులో తేడా లేదు, సొమ్ము మాత్రం ఎనిమిదో వంతు కన్నా కిందికి దిగింది. ఇలాంటి రాబడిని నమ్ముకుని జీతాలిచ్చే సంస్థ రెండో ఏడాదికే తలుపులు మూసుకుంటుంది.

పైగా డోటాలో ప్రైజు మనీలో సింహభాగం ఆటగాళ్లకే పోతుంది. ఆ ఆటగాళ్లయినా నిలిచారా అంటే అదీ లేదు. కెప్టెన్ కురోకీ నాయకత్వంలోని జట్టు 2019లో మూకుమ్మడిగా బయటికెళ్లి సొంత సంస్థ పెట్టుకుంది. డబ్బు ఆటగాళ్లది, ఆటగాళ్లు వేరే చోట. అయినా క్లబ్బు చెక్కుచెదరలేదు.

కారణం సంస్థ పెరిగిన క్రమంలోనే ఉంది. 2000లో నెదర్లాండ్స్‌లో విక్టర్ గూసెన్స్ మొదలుపెట్టినప్పుడు అది స్టార్‌క్రాఫ్ట్ బ్రూడ్ వార్ ఆడే స్నేహబృందం మాత్రమే. తర్వాత ఆ ఆట అభిమానులు వార్తల కోసం, చర్చల కోసం చేరే వేదికగా మారింది. దాదాపు పదేళ్లు దాని పేరు నిలబెట్టింది పాఠకులే, కప్పులు కావు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 ప్రొఫెషనల్ జట్టు, 2012లో డోటా 2 వచ్చాయి. అసలు గెంతు 2015 జనవరిలో పడింది. టీమ్ కర్స్‌తో విలీనమై, దానితోపాటే లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఉత్తర అమెరికా లీగ్‌లో చోటు దక్కించుకుంది. ఒక కొత్త ఆటలోకి దొడ్డిదారిన కాదు, సింహద్వారం నుంచే ప్రవేశం.

2016 సెప్టెంబరులో యాక్సియోమాటిక్ అనే పెట్టుబడి బృందం సంస్థలో మెజారిటీ వాటా కొంది. బాస్కెట్‌బాల్ దిగ్గజం మ్యాజిక్ జాన్సన్, వాషింగ్టన్ విజార్డ్స్ యజమాని టెడ్ లియోన్సిస్ లాంటివారు అందులో ఉన్నారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే పెట్టుబడి ముందు, సియాటిల్ కప్పు దాదాపు ఏడాది తర్వాత. ఆపైన ఏలియన్‌వేర్ పేరుతో 2018లో శాంటా మోనికాలో, 2020లో యుట్రెక్ట్‌లో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. హోండా, శాప్ స్పాన్సర్లుగా చేరాయి. లెక్కలు బహిరంగం చేయాల్సి వచ్చిన ఫేజ్ క్లాన్ అనే మరో క్లబ్బు పద్దుల్లోనూ ఇదే కనిపిస్తుంది. రాబడిలో పెద్దపీట బ్రాండ్ల స్పాన్సర్‌షిప్‌ది, తర్వాత వీడియోలది. టోర్నమెంట్ల సొమ్ముది వీటి వెనక వరసే.

ఒక ఆటలో గెలిచినవాళ్లే క్లబ్బు తరఫున అన్ని ఆటలూ ఆడతారన్నది మరో భ్రమ. డోటాలో వందకు పైగా హీరోల బలాబలాలు తెలియాలి, ఎదుటి జట్టుకు ఏ హీరో దక్కకుండా చేయాలో ముందే ఎంచాలి. కౌంటర్ స్ట్రైక్‌లో గురి, రౌండు రౌండుకూ ఆయుధాల ఖర్చు లెక్కే ప్రాణం. ఒకరిని తీసుకెళ్లి రెండోదాంట్లో కూర్చోబెట్టడం కబడ్డీ ఆటగాడికి చదరంగం బల్ల చూపించడమే. స్క్రీమ్ అనే బెల్జియం ఆటగాడు కౌంటర్ స్ట్రైక్ నుంచి వాలరెంట్‌కు మారి 2020లో లిక్విడ్‌లో చేరాడంటే, ఆ రెండూ ఒకే తాను ముక్కలు కాబట్టే కుదిరింది. కొత్త ఆట అంటే కొత్త జట్టు, కొత్త కోచ్, కొత్త జీతాల పట్టీ.

ఎన్ని ఆటలుంటే అంత ఆస్తి అనుకునేవారు ఓవర్‌వాచ్ లీగ్ సంగతి చూడాలి. 2018లో మొదలైన ఆ లీగ్‌లో చోటు కోసం సంస్థలు 2 కోట్ల డాలర్ల చొప్పున ఒప్పుకున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. 2023లో లీగే మూతపడింది. లిక్విడ్ అందులో చేరలేదు. ఏ ఆటలోకి వెళ్లకూడదో తెలియడం కూడా విస్తరణలో భాగమే.

ఈ రంగమంతా గాలిబుడగ అనే పెద్దల మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. ఫేజ్ క్లాన్ 2022లో సుమారు 72 కోట్ల డాలర్ల విలువతో స్టాక్ మార్కెట్‌కెక్కింది. రెండేళ్లు తిరగకముందే 2 కోట్ల డాలర్లు కూడా పలకకుండా చేతులు మారింది. ఆడే ఆట క్లబ్బు సొంతం కాదు, దాన్ని తయారుచేసిన కంపెనీదో, అనుమతించే ప్రభుత్వానిదో చివరి మాట. 2022 జులైలో బీజీఎంఐ అనే మొబైల్ ఆట యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చేదాకా మన దేశంలో ఆ ఒక్క ఆటనే నమ్ముకున్న జట్లకు ఇది అనుభవమే. పలు ఆటల్లో జట్లు పెట్టడానికి అసలు కారణం కూడా ఈ భయమే.

ఈ-స్పోర్ట్స్ అంటే రమ్మీ, బెట్టింగే అన్న మాటకు ఒక్క వాక్యం చాలు: 2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది.

క్లబ్బు పిలుపు వచ్చిందంటూ పిల్లలు కాగితం తెస్తే తల్లిదండ్రులు అందులో చూడాల్సింది కప్పుల జాబితా కాదు. నెల జీతం ఎంత, ప్రైజు మనీలో ఆటగాడి వాటా ఎంత, ఒప్పందం మధ్యలో బయటికొస్తే ఏం చెల్లించాలి, ఆ ఆట ఆగిపోతే జీతం సంగతేమిటి అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. చదువు ఆపమనే షరతు ఉంటే సంతకం పెట్టకూడదు. జట్టులో చేర్చుకోవడానికి ఎదురు డబ్బు అడిగితే మాత్రం ఆ కాగితం చదవాల్సిన పని కూడా లేదు.