సముద్రం కన్నా పల్లంలో జార్జ్‌టౌన్

దక్షిణ అమెరికా అనగానే మనవాళ్లు బ్రెజిల్ అంటారు, లేదంటే మాచు పిచ్చు కోసం పెరూ వెళతారు. ఆ ఖండం ఉత్తరపు అంచున ఉన్న గయానా పేరు క్రికెట్ చూసేవాళ్లకు మాత్రమే తెలుసు, అదీ క్లైవ్ లాయిడ్, చందర్‌పాల్‌ల పుణ్యమా అని. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్ద దేశం. జనం సుమారు 8 లక్షలు. అధికార భాష ఇంగ్లీషు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. మా అల్లుడు చమురు కంపెనీ పని మీద అక్కడుంటే చూడ్డానికి వెళ్లాను.

వెళ్లేవాళ్లంతా కేటూర్ జలపాతం కోసం వెళతారు. నేనూ చూశాను. రాజధాని జార్జ్‌టౌన్ పక్కనున్న ఓగుల్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో గంట ప్రయాణం. దారి పొడుగునా కింద అడవే. పొటారో నది 226 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క దూకులో పడుతుంది. నీళ్లు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి, అడవిలో ఆకులు నానిన రంగు అది. అంచున కటకటాలు లేవు, దుకాణాలు లేవు. మనిషంత ఎత్తు పెరిగే ఒక మొక్క ఆకుల మొదట్లో నిలిచిన నీళ్లలో బొటనవేలి గోరంత బంగారు రంగు కప్ప కాపురం ఉంటుంది. గైడు వేలితో చూపిస్తే గానీ నాకు కనిపించలేదు.

కానీ ఆ దేశంలో చూడాల్సిన అసలు వింత కోస్తాలోనే ఉందని నా నమ్మకం. ఉద్యోగం చేసినన్నాళ్లూ కోనసీమ డ్రెయిన్ల మీద తిరిగినదాన్ని, నా కళ్లు అటే పోతాయి. పోటు వేళ సముద్రం జార్జ్‌టౌన్ వీధుల కన్నా ఎత్తున ఉంటుంది. మధ్యలో అడ్డున్నది గోడ. జనంలో దాదాపు పదింట తొమ్మిది మంది ఈ పల్లపు కోస్తాలోనే ఉంటారు. ముందు సముద్రపు గోడ, వెనక చిత్తడి నేలల నీళ్లను ఆపే కట్ట, రెంటి నడుమ ఊళ్లూ వరి చేలూ చెరకు తోటలూ.

ఈ పద్ధతి డచ్చివాళ్లు తెచ్చింది. మట్టి మోసింది మాత్రం ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ రాసిన లెక్క చదివి ఇంజనీరునైన నేనే నమ్మలేకపోయాను. చదరపు మైలు చెరకు తోటకు 49 మైళ్ల మురుగు కాలువలు, పైన 16 మైళ్ల సాగునీటి, రవాణా కాలువలు కావాలి. అందుకోసం కోస్తా మొత్తం మీద పారలతో తవ్వి ఎత్తిపోసిన బురద కనీసం 10 కోట్ల టన్నులు.

ఈ నీళ్లన్నీ సముద్రంలోకి పోయే స్లూయిజును అక్కడ కోకర్ అంటారు. గట్టి చెక్క చట్రం, గొలుసులకు వేలాడే తలుపు, దాన్ని ఎత్తడానికి ఒక చక్రం. ఆటుకు సముద్రం దిగగానే తలుపు లేపుతారు, పోటు రాకముందే దించుతారు. అదను తప్పితే సముద్రమే ఊళ్లోకి వస్తుంది. ఆటు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే డ్యూటీ. అచ్చం మన కాలువల మీద తలుపులు ఎత్తి దించే లస్కర్ పనే. పోటు మీదుండగా కుండపోత కురిస్తే నీళ్లకు దారి లేదు, పంపులతో తోడాల్సిందే. 2005 జనవరిలో వానలు ముంచెత్తినప్పుడు తూర్పు కోస్తా ఊళ్లు వారాల తరబడి నీళ్లలో నానాయి.

సీవాల్ రోడ్డు పక్కన ఒక కోకర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తలుపు కాస్త లేవగానే కాలువ నీళ్లు అడుగు నుంచి సుడి తిరుగుతూ బయటికి తన్నుకొచ్చాయి, ఒడ్డున కొంగలు చేపలకు సిద్ధమయ్యాయి. చక్రం తిప్పుతున్న కుర్రాడు “బయట బురద మేట వేస్తుంది ఆంటీ, తవ్వకపోతే తలుపు ఎత్తినా నీళ్లు పోవు” అన్నాడు. ఆ బురద అమెజాన్ నది మోసుకొచ్చింది, తీరం వెంట పడమటికి జరుగుతూ ఉంటుంది. మన డ్రెయిన్ల మొగలు పూడిపోతే రైతులు పడే అవస్థ నాకు తెలుసు కాబట్టి అతనితో మాట్లాడటానికి చాలా ఉంది. అతని ముత్తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కారట. 1838 మే 5న మొదటి ఓడ చేరినప్పటి నుంచి 1917 దాకా కూలి ఒప్పందం మీద సుమారు 2,39,000 మంది మన దేశం నుంచి ఇక్కడికి వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి. మద్రాసు నుంచి వచ్చినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అందరినీ మద్రాసీలనే అన్నారు. బెర్బీస్ వైపు వాళ్ల మారియమ్మ గుళ్లలో ఈనాటికీ డప్పు మోగుతుంది.

2019 చివర్లో అక్కడ సముద్రగర్భం నుంచి చమురు తీయడం మొదలైంది. ఊరంతా కొత్త హోటళ్లు, వంతెనలు. ఆ డబ్బులో పెద్ద వాటా గోడలకూ పంపులకూ తీరంలో మడ అడవుల పెంపకానికీ వెళ్లాలని నా గట్టి కోరిక. సముద్ర మట్టం పెరిగే కొద్దీ ఆటు వేళ తలుపు లేపి ఉంచే సమయం తగ్గిపోతుంది. అది డ్రెయిన్ల మీద పనిచేసిన ఎవరికైనా తెలిసే లెక్క.

వెళ్లాలనుకునేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకుని ఆ పత్రం దగ్గర పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. కేటూర్‌కు ఒక రోజు ఇచ్చి, మర్నాడు హోటల్లో ఆటు వేళ కనుక్కుని ఏదో ఒక కోకర్ దగ్గరికి నడవండి. టికెట్ లేదు.