ఈదురుగాలి, రాలిన కాయలు

ఉగాది దాటిందంటే నూజివీడులో మధ్యాహ్నం మూడింటికి మేడెక్కి, పాత పంచె మీద ఆరేసిన వడియాలను గబగబా మూటగట్టేది ఇంట్లో రిటైరైన పెద్దాయనే. మిగతావాళ్లకు ఆఫీసులు, పరీక్షలు. ఆకాశం కేసి చూసే తీరిక ఆయనకే ఉంది మరి!

మార్చి నుంచి మే దాకా పగలంతా నేల కాగుతుంది. బంగాళాఖాతం మీంచి వచ్చిన తేమగాలి ఆ వేడికి పైకి లేచి, నిలువెత్తు క్యుములోనింబస్ మేఘమవుతుంది. అందులోంచి రాలే చినుకులు కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దిగి నలువైపులా విరుచుకుపడుతుంది. వానకన్నా ముందు దుమ్ము లేచేది అందుకే. వచ్చే మూడు గంటల్లో ఏం జరగొచ్చో వాతావరణ శాఖ చెబుతుంది, పిడుగుల సంగతి దామిని యాప్ చూసుకుంటుంది. పెద్దాయన మాత్రం తన మోకాళ్లనే ఎక్కువ నమ్ముతారు.

గాలివాన వెలిసిన మర్నాటి వాకింగ్ మామిడి తోటల దారి పడుతుంది. రాలిన చిన్నరసాలు, బంగినపల్లి కాయలు కుప్పలుగా ఉంటాయి. రైతు ముఖం చూస్తే బేరమాడబుద్ధి కాదు. దెబ్బ తగిలిన కాయ సరిగా మగ్గదు, ఆవకాయకూ పనికిరాదు. దెబ్బ తిన్నచోట కోసేసి, మిగిలింది పప్పులో వేస్తారు, లేదా ఎండబెట్టి ఒరుగులు చేస్తారు. సంచెడు కాయలతో ఇంటికొస్తే, “ఇన్ని ఎవరు తరుగుతారండీ?” అంటుంది ఇల్లాలు. కత్తిపీట ఆయన ముందుకే వస్తుంది.

కరెంటు పోతే అరుగుల మీద పింఛనుదారుల సభ. డీఏ బకాయిలతో మొదలై, లైన్‌మన్ ఎప్పుడొస్తాడన్న దగ్గర ఆగుతుంది. ఈలోగా తెగిపడ్డ తీగ దగ్గరికి పిల్లలు పోకుండా కాపలా కాసేదీ వాళ్లే.