ఊపిరితిత్తుల్లో జినాన్ వెలుగు

ఎంఆర్‌ఐ స్కాన్‌లో మెదడు స్పష్టంగా కనిపిస్తుంది. మోకాలి కీలూ కనిపిస్తుంది. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నల్లగా ఉంటుంది. ఆ యంత్రం ప్రధానంగా వెతికేది నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాల్ని. గాలి నిండిన అవయవంలో అవి తక్కువ. పోనీ, పీల్చిన వాయువునే చూద్దామంటే మరో చిక్కు. కేంద్రకాలు బుల్లి అయస్కాంతాలే అయినా, ఎంత బలమైన స్కానర్లోనైనా దాదాపు సగం అటు, సగం ఇటు తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సంకేతం ఇచ్చే మిగులు పది లక్షల్లో ఏవో కొన్నే. పలచని వాయువులో అది ఏ మూలకి?

ఆ మిగులును పెంచడమే హైపర్‌పోలరైజేషన్. గాజు పాత్రలోని రుబీడియం ఆవిరి మీదికి 795 నానోమీటర్ల లేజర్ కాంతిని, వర్తుల ధ్రువణం చేసి పంపుతారు. రుబీడియం ఎలక్ట్రాన్ల స్పిన్లు, అంటే వాటి అయస్కాంత దిశలు, ఒకే వైపు మళ్లుతాయి. (ఈ 'ఆప్టికల్ పంపింగ్'కు ఆద్యుడైన ఫ్రెంచి శాస్త్రవేత్త కాస్ట్‌లేర్‌కు 1966లో నోబెల్ వచ్చింది.) అదే పాత్రలోని జినాన్-129 వాయు పరమాణువులు రుబీడియంతో ఢీకొంటూ ఆ స్పిన్‌ను అందుకుంటాయి. సంకేతం వేల రెట్లు పెరుగుతుంది. తర్వాత రుబీడియాన్ని వేరుచేసి, జినాన్‌ను సంచిలో పట్టి రోగి చేత పీల్పిస్తారు.

అయితే ఈ సంపద హారతి కర్పూరమే. హైడ్రోజన్ కేంద్రకాలను స్కానర్ మళ్లీ మళ్లీ సర్దుతుంది. ఇక్కడ ఖర్చయింది ఖర్చయినట్టే. పైగా ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ కూడా దాన్ని కొన్ని పదుల సెకన్లలోపే చెరిపేస్తుంది. రోగి పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టేలోగా చిత్రం పూర్తవాలి. జినాన్ మోతాదు పెరిగితే మత్తుమందు కూడా. కొందరికి కాసేపు తల తిరుగుతుంది.

ఎలుక ఊపిరితిత్తుల్లో జినాన్ చిత్రం 1994లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు హీలియం-3 ముందుంది, దాని సంకేతం ఎక్కువ కాబట్టి. కానీ అది ప్రధానంగా అణ్వాయుధాల కోసం తయారుచేసిన ట్రిటియం క్షయం నుంచి వచ్చే సరుకు. అమెరికా న్యూట్రాన్ డిటెక్టర్లకు మళ్లించాక కరువైంది. నిజానికి జినాన్ గెలవడానికి ఆ కరువు ఒక్కటే కారణం కాదు. అది రక్తంలో కరుగుతుంది. గాలిలో, ఊపిరితిత్తుల గాలిసంచుల పొరలో, ఎర్ర రక్తకణాల్లో దాని సంకేతపు పౌనఃపున్యం వేరువేరుగా ఉంటుంది. కనుక వాయువు ఎక్కడ ఆగిపోతోందో చెప్పగలదు. కొవిడ్ తగ్గినా ఆయాసం వదలని కొందరిలో సీటీ స్కాన్ దాదాపు మామూలుగా ఉన్నా, రక్తంలోకి వాయువు సరిగా వెళ్లడం లేదని బ్రిటన్ పరిశోధకులు 2021లో చూపింది దీనితోనే.

అమెరికా ఎఫ్‌డీఏ 2022 డిసెంబరులో ఇచ్చిన అనుమతి మాత్రం ఊపిరితిత్తుల్లో గాలి ఎంతవరకు చేరుతోందో చూడడానికే.